మా వీధిలో అవ్వ విషయం: పక్కింటోళ్లు ఎంతవరకు పోవచ్చు? (కడప)

పాలకొండనీడ | కడప | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మేం అద్దెకుండే వీధిలో ఒక అవ్వ ఉంది. డెబ్బై దాటుంటాయి. ఒకప్పుడు ఇంటి ముందర కట్టెల పొయ్యి పెట్టి కారం దోసెలు పోసేదంట. ఈ వీధిలో నలభై దాటినోళ్లంతా ఆమె దోసెలు తిని బడికి పోయినవాళ్లే. మొగుడు తొందరగా పోయాడు. ఆ పొయ్యి మీదనే కొడుకును చదివించింది, రెండు గదుల ఇల్లు కట్టింది. నాలుగేళ్ల కిందట కొడుకు లోను కావాలంటే ఇల్లు అతని పేరున రాసిచ్చింది. ఆ తర్వాత ఆమె మంచం వెనకాల రేకుల షెడ్డులోకి మారింది. పాత కూలరు, పిల్లల సైకిలు, గట్టిపడిన సిమెంటు సంచి, అవ్వ, అన్నీ అక్కడే.

కొట్టడం నేను చూడలేదు. చూడనిది రాయను. చూసింది ఇది. మొన్న మా ఇంటికొచ్చి బ్లేడు అడిగింది. ఎందుకవ్వా అంటే కొంగుముడి విప్పి బీపీ మాత్రల షీటు తీసింది. మాత్ర చిన్నది కదా, గోరుతో విరిస్తే పొడి అయిపోతోందంట. సగం సగం వేసుకుంటే పది మాత్రలు ఇరవై రోజులొస్తాయంట. నెలకు 4,000 పింఛను వస్తుంది కదవ్వా అంటే, "ఆ దుడ్లు వాడు దాచిపెడతాడు లేమ్మా" అని నవ్వింది. ఒకటో తారీఖు పొద్దున వార్డు సచివాలయం వాళ్లు పింఛను ఇవ్వడానికి వచ్చినప్పుడు మాత్రం ముందు వరండాలో కుర్చీ వేసి ఆమెను కూర్చోబెడతారు. ఆ కుర్చీ మిగతా రోజుల్లో ఆమెకు ఉండదు.

మా ఆయన "అద్దెకుండేవాళ్లం, మనకెందుకు" అంటాడు. నాకు నిద్ర పట్టట్లేదు. పోలీసులకు చెప్పాలా? ఎవరికి చెప్పాలి? అసలు చెప్పొచ్చా?

---

సీమసింగం | ప్రొద్దుటూరు | ఆదివారం, రాత్రి 10:04

అడ్రస్ పెట్టక్కా. నలుగురం వచ్చి ఆ కొడుకును పలకరించి పోతాం. పలకరించడమంటే తెలుసు కదా.

---

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 10:15

అడ్రసులు, పేర్లు, ఫోటోలు ఇక్కడ వద్దు. అవ్వ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం కూడా వద్దు. "పలకరింపులు" అసలే వద్దు.

---

నర్సమ్మ | కర్నూలు | ఆదివారం, రాత్రి 10:40

సీమసింగం తమ్ముడూ, నువ్వు పలకరించి బండెక్కి పోతావు. ఆ రాత్రి అవ్వ మళ్లీ ఆ షెడ్డులోనే పడుకోవాలి. అది ఆలోచించు.

పాలకొండనీడ గారూ, ముందు మాత్రల సంగతి. బీపీ మాత్ర ఇట్లా సగం చేసుకుంటూ పోతే ఒకరోజు పక్షవాతం దాకా పోవచ్చు. దగ్గర్లో పట్టణ ఆరోగ్య కేంద్రం ఉంటుంది, అక్కడ బీపీ, షుగర్ మాత్రలు ఊరికే ఇస్తారు. రేపే తీసుకుపోండి. పోలీసులు, ఆఫీసులు తర్వాత.

ఇక రెండోది. నేను ఆసుపత్రి వార్డుల్లో పదిహేడేళ్లుగా చేస్తున్నా. పెద్దవాళ్లను తీసుకొచ్చినవాళ్లు ప్రతి ప్రశ్నకూ తామే జవాబిస్తుంటే నా చెవి నిక్కుతుంది. "యాడ నొప్పవ్వా" అని అవ్వను అడిగితే కొడుకు "మెట్ల మీద జారింది మేడం" అంటాడు. కాసేపయ్యాక మాటల్లో తెలుస్తుంది, వాళ్లది రేకుల ఇల్లు. మెట్లు ఎక్కడివి? అట్లాంటప్పుడు ఏదో చీటీ చేతికిచ్చి అతన్ని కౌంటరుకు పంపిస్తాం. ఆ ఐదు నిమిషాల్లో వచ్చే జవాబు వేరేగా ఉంటుంది. దెబ్బలే చూడాల్సిన పని లేదు. పెరిగిపోయిన గోళ్లు, జడలు కట్టిన జుట్టు, నడుము కింద పుండ్లు, కాడ విరిగి ఏడాదైనా దారంతో కట్టుకున్న కళ్లద్దాలు. ఇవి కూడా దెబ్బలే.

మీరు కూడా అవ్వను ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. "నిన్ను కొడుతున్నాడా" అని కాదు. "నీకేం కావాలవ్వా" అని.

---

పాతఫైలు | అనంతపురం | సోమవారం, ఉదయం 6:10

రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. ఈ కేసుల ఫైళ్లు కట్టిన చెయ్యి ఇది. తెలిసింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఒకటుంది. 60 నిండిన వాళ్లెవరైనా దీని కిందికి వస్తారు, ఏ మతమైనా సరే. తల్లిదండ్రులైతే 60 నిండాల్సిన పని కూడా లేదు. మన దగ్గర దీని ట్రిబ్యునల్ అంటే ఆర్డీవోనే. తెల్లకాగితం మీద అర్జీ చాలు. లాయరు అక్కర్లేదు. అవ్వ రాయలేకపోతే ఆమె ఒప్పుకున్న ఇంకొకరు, లేదా ఏదైనా సంస్థ, ఆమె తరఫున పెట్టొచ్చు. ఎవరూ పెట్టకపోయినా ట్రిబ్యునలే తనంతట తాను తీసుకోవచ్చు. కొడుకుకు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ఈలోపు తిండికీ మందులకూ మధ్యంతరంగా కొంత ఇప్పించొచ్చు. పోషణ ఖర్చు గరిష్ఠం నెలకు 10,000. ఆర్డరు వచ్చినా కట్టకపోతే వారంటు, నెల వరకు జైలు. తీర్పు నచ్చని తల్లిదండ్రులు 60 రోజుల్లోపు కలెక్టరు దగ్గరికి అప్పీలుకు పోవచ్చు.

చాలామందికి తెలియంది ఒకటి చెబుతా. విచారణకు ముందే ఆర్డీవో దీన్ని రాజీ అధికారికి పంపొచ్చు. ఆయనకు నెల గడువు. నేను చూసినంతలో సగం పంచాయితీ అక్కడే చల్లబడుతుంది. కొడుకు కుర్చీలో కూర్చుని, తల్లి ఎదురుగా కూర్చుని, మధ్యలో పరాయి మనిషి ఉంటే ఇంట్లో రాని మాట బయటికొస్తుంది. ఒకాయన "మా అమ్మకు నేను ఏం తక్కువ చేశాను సార్" అని గట్టిగా మొదలుపెట్టాడు. రాజీ చేసే పెద్దాయన "మీ అమ్మ చెప్పులు చూడు" అన్నాడు. అంతే. చెప్పులు ఒక కాలుకు ఒకటి, ఇంకో కాలుకు ఇంకొకటి. వాడు బయటికి పోయి బీడీ కాల్చుకుని వచ్చి సంతకం పెట్టాడు.

అందరూ ఇట్లా దిగిరారు, అదీ చెబుతున్నా. నోటీసు తీసుకోకుండా తప్పించుకు తిరిగేవాళ్లు, వాయిదాకు రానివాళ్లు బోలెడు. 90 రోజులు అనేది కాగితం మీద 90.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడిచ్చినా నంబరు పడి, సంబంధించిన ఆఫీసుకు పోతుంది. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసు కూడా ఉంటుంది, విభిన్న ప్రతిభావంతులదీ (దివ్యాంగులదీ) వీళ్లదీ ఒకటే శాఖ. ట్రిబ్యునల్ ముందు అవ్వ తరఫున మాట్లాడటానికి అధికారిని అడగొచ్చు.

---

గుంతకల్‌జంక్షన్ | సోమవారం, ఉదయం 8:30

మా పెద్దమ్మకు పిల్లల్లేరు. ఆమెకు ఈ చట్టం పనికొస్తుందా సార్?

---

పాతఫైలు | సోమవారం, ఉదయం 8:52

వస్తుంది. ఆమె ఆస్తి ఎవరి చేతిలో ఉందో, ఆమె తర్వాత ఎవరికి వస్తుందో ఆ బంధువు చూసుకోవాలి. ఆస్తి కావాలి, మనిషి వద్దు అంటే కుదరదు.

---

దస్తావేజు | కర్నూలు | సోమవారం, ఉదయం 11:20

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే మనిషిని. పాలకొండనీడ గారు "రాసిచ్చింది" అన్నారు. ఏం రాసిచ్చింది? అసలు కథంతా దాంట్లోనే ఉంది.

వీలునామా అయితే దిగులు లేదు. బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చించేయొచ్చు. దాన సెటిల్‌మెంట్ అయితే ఆ రోజే ఆస్తి అతనిదైపోయింది. బ్యాంకు లోను కోసం అన్నారు కాబట్టి ఇదే అయ్యుంటుంది.

అయినా 2007 చట్టంలో 23వ సెక్షను ఉంది. ఆ చట్టం వచ్చాక, తిండీతిప్పలూ చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాడు చూసుకోకపోతే, ఆ బదిలీ మోసంతో జరిగినట్టే లెక్కగట్టి రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. మెలిక "షరతు" అనే మాట దగ్గర ఉంది. షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. మళ్లీ 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె కేసులో, ఇది పెద్దల మేలు కోసం చేసిన చట్టం, ఉదారంగా చూడాలి అంటూ దానపత్రం రద్దు చేసి ఇల్లు ఆమెకు ఇప్పించింది. ఆ కేసులో కొడుకు, "అమ్మను చివరిదాకా చూసుకుంటా" అని విడిగా ఒక కాగితం రాసిచ్చాడు. అది ఆమెకు అక్కరకొచ్చింది.

నా బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబుతా. పెద్దాయనో పెద్దామెనో కూర్చుంటారు, పిల్లలు చుట్టూ నిలబడతారు. నేను అడుగుతా, "షరతు రాయమంటారా? జీవితాంతం మీరుండే హక్కు రాయమంటారా?" అని. పిల్లలు నావైపు గుడ్లురిమి చూస్తారు. పెద్దామె "అయ్యో, నా బిడ్డకు షరతులేంది సామీ" అంటుంది. అంతే, ఒక లైను తగ్గిపోతుంది. ఆ లైనుకు నేను ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోను. నా తోటివాళ్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లే ఎక్కువ. పార్టీని తెచ్చేది కొడుకు కదా, ఫీజు ఇచ్చేదీ కొడుకే.

మీరు చేయాల్సింది: డాక్యుమెంటు నంబరు, సంవత్సరం దొరికితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకు అర్జీ పెట్టండి. దానపత్రం నకలు ఎవరైనా తీసుకోవచ్చు. నంబరు తెలియకపోతే ఇంటి హద్దులు, పేర్లతో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ) తీస్తే అందులో కనబడుతుంది.

---

కువైట్ రూమ్ నంబర్ 6 | సోమవారం, రాత్రి 11:15

రాజంపేట పక్కన మా ఊరు. ఇక్కడ డ్రైవరు పని. మీరంతా కొడుకులను దొంగలను చేసి మాట్లాడుతుంటే కష్టంగా ఉంది. మాలాంటోళ్లు నెలనెలా పంపిస్తూనే ఉన్నాం కదా. మా అమ్మ మా అన్న దగ్గర ఉంటుంది. వారానికి రెండుసార్లు వీడియో కాల్ చేస్తా. బాగుంది అంటుంది.

---

నర్సమ్మ | సోమవారం, రాత్రి 11:31

తమ్ముడూ, తప్పుగా అనుకోవద్దు. కాల్‌లో ఫోన్ ఎవరు పట్టుకుంటారు?

---

కువైట్ రూమ్ నంబర్ 6 | సోమవారం, రాత్రి 11:58

అన్న.

---

కువైట్ రూమ్ నంబర్ 6 | మంగళవారం, ఉదయం 4:20

ఎప్పుడూ అన్నే. అమ్మ మొహం దగ్గరగా చూపిస్తాడు. గది చూపించడు. నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

---

ఇంటికోడలు | కర్నూలు | మంగళవారం, మధ్యాహ్నం 2:45

అందరూ రాశారు, ఒక్కరు కూడా కోడలి మాట ఎత్తలేదు. సంతోషమే. మామూలుగా అయితే మొదటి తిట్టు మాకే.

నాది వేరే కథ. మా అత్తకు ఆరేళ్లుగా మతిమరుపు. ఇప్పుడే తిని తినలేదంటుంది, అర్ధరాత్రి గొళ్లెం తీసి రోడ్డెక్కుతుంది. బయటినుంచి గొళ్లెం పెట్టి కూరగాయలకు పోయాను ఒకసారి. తిరిగొచ్చేసరికి పక్కింటామె వీడియో తీస్తోంది. "ముసలిదాన్ని బంధించారు" అని. ఆరేళ్లలో ఆమె ఒక్కరోజు వచ్చి "నువ్వు పోయి స్నానం చెయ్యి, నేను కూర్చుంటా" అన్లేదు. నేను తప్పు చేయలేదని అనను. ఒకరోజు అత్తను గట్టిగా పట్టి లాగాను, చెయ్యి కమిలింది. ఆ రోజంతా నేను అన్నం తినలేదు.

పాలకొండనీడ గారూ, కంప్లైంట్ ఇచ్చే ముందు ఆ ఇంట్లో ఆడమనిషి పరిస్థితి ఏందో కూడా చూడండి.

---

సీమసింగం | ప్రొద్దుటూరు | మంగళవారం, మధ్యాహ్నం 3:10

ఈ అవ్వకు మతిమరుపు లేదు కదా. పింఛను లాక్కోవడానికి, కాపలా కాయడానికి పోలికేంది?

---

ఇంటికోడలు | మంగళవారం, మధ్యాహ్నం 3:22

పోలిక లేదు. రెండూ పక్కింటి నుంచి చూస్తే ఒకే మాదిరి కనబడతాయి అంటున్నా.

---

నర్సమ్మ | కర్నూలు | మంగళవారం, సాయంత్రం 6:00

ఇంటికోడలు అక్కా, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. చూసుకునేవాళ్లకు రాత్రుళ్లు నిద్ర లేకపోతే చెయ్యి ఎత్తే రోజు వస్తుంది. మనసులో ఎంత ప్రేమున్నా వస్తుంది. సైకియాట్రీ ఓపీలో ఒకసారి చూపించారా? రాత్రి లేచి తిరగడానికి మందు ఉంటుంది. మీరుండేది కర్నూలే కదా, నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి. గురువారం నాకు ఆఫ్. రెండు గంటలు వచ్చి కూర్చుంటా.

---

బళ్లారిరోడ్ | అనంతపురం | బుధవారం, ఉదయం 9:05

ఏటా జూన్ 15న పెద్దల మీద వేధింపులకు వ్యతిరేకంగా ప్రపంచ దినం చేస్తారు. టవర్ క్లాక్ దాకా ర్యాలీ, శాలువాలు, అరటిపండు, ఫోటో. శాలువా కప్పించుకున్న పెద్దాయన మా వీధే. ఇంటికి పోయి ఆ శాలువా మనవడికి దుప్పటి ఇచ్చి, తను గోనెపట్ట మీద పడుకున్నాడు. ఊరికే గుర్తొచ్చి రాశా.

---

పాలకొండనీడ | కడప | శుక్రవారం, రాత్రి 8:40

ఆలస్యమైంది, మన్నించండి. మూడు పనులు అయ్యాయి.

మంగళవారం అవ్వను ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయా. బీపీ బాగా ఎక్కువుంది. డాక్టరమ్మ అరిచింది, నన్ను కోడలనుకుని. పడ్డాను. నెలకు సరిపడా మాత్రలు ఇచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో కాకుండా నడిచాం. నర్సమ్మ గారు చెప్పినట్టే అడిగా, నీకేం కావాలవ్వా అని. చాలాసేపు పలకలేదు. మసీదు మలుపు దగ్గర ఆగి, "కేసు అంటావేమో, వద్దు. వాడు స్టేషను మెట్లెక్కితే నాకు కొరివి ఎవరు పెట్టాల" అనింది. నేను కేసు మాట ఎత్తనే లేదు. ఆమె ముందే ఆలోచించుకుంది అన్నమాట. మళ్లీ అడిగితే వేళ్లు ముడిచి రెండు చెప్పింది. ఒకటి, పింఛను తన చేతిలో ఉండాల. రెండు, పొయ్యి. షెడ్డులో చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుంటానంటే కొడుకు, అంటుకుంటుందని వద్దన్నాడంట. "వాళ్లు తొమ్మిదికి తింటారు. నాకు ఏడుకే ఆకలేస్తాది. అడగలేను."

ఇల్లు మాట ఎత్తలేదు. నేనెత్తితే "ఇల్లు వానిదేలే" అంది.

కోడలిని కూడా కలిశా. బట్టల షాపులో పని, రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. అందుకే తొమ్మిదికి తిండి. ఆమె మంచిదో చెడ్డదో నాకు అర్థం కాలేదు. కాళ్లు వాచి ఉన్నాయి, అంతవరకు చూశా.

ఇప్పుడు చెప్పండి. అవ్వే వద్దంటే మనం అర్జీ పెట్టొచ్చా?

---

పాతఫైలు | అనంతపురం | శుక్రవారం, రాత్రి 9:30

పెట్టొద్దు. తెలివిగా, నిబ్బరంగా ఉన్న మనిషి వద్దంటే వద్దనే. ఆమెను పిల్లను చేసి మనం నిర్ణయాలు తీసుకుంటే కొడుక్కీ మనకూ తేడా ఏముంది? ప్రాణం మీదికొచ్చినా, దెబ్బలు కనబడినా అప్పుడు వేరు. వెంటనే 112. ఇంట్లోంచి గెంటి దిక్కులేకుండా వదిలేసినా అది ఈ చట్టంలోనే నేరం, మూడు నెలల వరకు జైలుంది.

కానీ ఆమె చెప్పిన రెండూ అర్జీ లేకుండా అయ్యేవే. పింఛను ఆమెది. కొడుకు దాన్ని దాచిపెట్టే హక్కు ఏ చట్టంలోనూ లేదు.

---

ఇంటింటికీ | అనంతపురం జిల్లా | శుక్రవారం, రాత్రి 10:10

నేను సచివాలయం ఉద్యోగిని. ఒకటో తారీఖు యాభై చిల్లర ఇళ్లు తిరుగుతా. వేలిముద్ర పడదు చాలామందికి, బట్టలుతికీ కూలికి పోయీ వేళ్లు అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కళ్లో, మొహమో స్కాన్ చేస్తాం. డబ్బు పింఛనుదారు చేతికే ఇవ్వాలి. అయితే నేను గేటు దాటేలోపు చెయ్యి మారడం నా కళ్లతోనే చూశా. ఏం చేయాలో తెలియక ఊరుకున్నా చాలాసార్లు.

ఈ మధ్య ఒక పని చేస్తున్నా. అనుమానం ఉన్న ఇంట్లో "కొంచెం నీళ్లిస్తారా" అని పక్కవాళ్లను లోపలికి పంపించి, అవ్వతో రెండు మాటలు మాట్లాడి, నోట్లు ఆమెతోనే లెక్కపెట్టిస్తా. నిదానంగా. ఎనిమిది ఐదువందల నోట్లు. లెక్కపెట్టిన మనిషి అంత తొందరగా వదలదు. మీ వీధి ఉద్యోగిని ముందుగానే కలిసి విషయం చెప్పండి. ఎక్కువమంది సాయం చేస్తారు.

14567 కూడా ఉంది, పెద్దల హెల్ప్‌లైన్, ఊరికే చేయొచ్చు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. కేసు పెట్టమని తోయరు. మాట్లాడతారు, కావాలంటే మనిషిని పంపి ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడిస్తారు.

---

కువైట్ రూమ్ నంబర్ 6 | శనివారం, ఉదయం 5:05

పాతఫైలు సార్, కొడుకు ఇక్కడ గల్ఫ్‌లో ఉంటే నోటీసు రాదు కదా అని మా రూంలో ఒకడు అంటున్నాడు.

---

పాతఫైలు | శనివారం, ఉదయం 6:15

వస్తుంది. విదేశంలో ఉన్న పిల్లలకు సమన్లు పంపడానికి చట్టంలోనే దారి పెట్టారు. మీ రూంమేటుకు చెప్పండి.

మీ అమ్మ సంగతి ఏమైంది?

---

కువైట్ రూమ్ నంబర్ 6 | శనివారం, ఉదయం 6:40

మా మేనత్త కొడుకును పంపిస్తున్నా, చెప్పాపెట్టకుండా.

---

పాలకొండనీడ | కడప | 2వ తారీఖు, రాత్రి 9:15

నిన్న ఒకటో తారీఖు.

సచివాలయం అమ్మాయికి ముందే చెప్పి పెట్టా. పొద్దున ఆరున్నరకే వచ్చింది. నేను, ఎదురింటి మెహరున్నీసా పిన్నమ్మ, మూలింటి టీచరమ్మ (ఇవి అసలు పేర్లు కావు) ముగ్గురం ఏదో ముగ్గు వంకతో బయట నిలబడ్డాం. అవ్వ నోట్లు లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఏడు అని, తొమ్మిది అని, చివరికి ఎనిమిది అని. కొడుకు చెయ్యి చాచాడు. పిన్నమ్మ అప్పుడే "ఏం అక్కా, నా దగ్గర తీసుకున్న మూడొందలు ఎప్పుడిస్తావ్" అని గట్టిగా అనింది. అప్పూ లేదు, పాడూ లేదు. అవ్వ కూడా తడుముకోకుండా "ఇదిగో, ఇస్తా రా" అని కొంగులో ముడేసుకుని వీధిలోకి వచ్చేసింది. నాకు నవ్వాగలేదు.

సాయంత్రం కొడుకు మా ఇంటి ముందుకొచ్చి అరిచాడు. మా ఇంటి గొడవల్లో మీరెవరు అని. మా ఆయన లోపలికి పొమ్మన్నాడు. పోలేదు. "మీ అమ్మ బీపీ ఎంతుందో తెలుసా" అని అడిగా. తెలియదు. తెలియదని అతను చెప్పలేదు, మొహం చెప్పింది. కాసేపటికి, ఫైనాన్స్ వాళ్లు బండి ఎత్తుకుపోయారని, రెండు నెలల వాయిదాలున్నాయని ఏదేదో అన్నాడు. జాలి పడాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఇంటి ఓనరు ఫోన్ చేసి "గొడవలొద్దమ్మా" అన్నాడు. ఇల్లు ఖాళీ చేయిస్తాడేమోనని టెన్షన్‌గానే ఉంది.

అవ్వ డబ్బులు నా దగ్గర పెట్టుకోమంటోంది.

---

దస్తావేజు | కర్నూలు | 2వ తారీఖు, రాత్రి 9:40

వద్దమ్మా. దయచేసి వద్దు. రేపు అదే కొడుకు "మా అమ్మ డబ్బు వీళ్లే తింటున్నారు" అంటాడు. పోస్టాఫీసులో ఆమె పేరుతో పొదుపు ఖాతా తెరిపించండి, పుస్తకం ఆమె దగ్గరే. ఏటీఎం కార్డు అసలు తీసుకోవద్దు. కార్డుంటే పిన్ను మనవడికి తెలిసిపోతుంది.

నకలుకు అర్జీ పెట్టారా?

---

పాలకొండనీడ | 2వ తారీఖు, రాత్రి 9:52

పెట్టా. అవ్వకు చెప్పే పెట్టా. "చదివి చెప్పు, ఆ పొద్దు నాకు చదివి వినిపించలేదు" అంది.

---

కువైట్ రూమ్ నంబర్ 6 | 6వ తారీఖు, ఉదయం 4:50

బావ పోయి వచ్చాడు. అమ్మ బాగానే ఉందంట. గది కూడా బాగుందంట, ఫ్యానుంది. అన్న మీద అనవసరంగా అనుమానపడ్డాను. అయితే అమ్మ బావతో ఒక మాట చెప్పిందంట. "వాడు ఫోన్‌లో డబ్బు పంపినా, పంపినా అంటాడు, తిన్నావా అని అడగడు" అని. ఇది నా గురించే.

---

ఇంటికోడలు | కర్నూలు | 6వ తారీఖు, మధ్యాహ్నం 1:30

నర్సమ్మ గారు గురువారం వచ్చారు. మూడు గంటలు కూర్చున్నారు. నేను నిద్రపోయా, అంతే. లేచేసరికి మా అత్తకు జడ వేసి, కనకాంబరాలు పెట్టి ఉంది. సైకియాట్రీ ఓపీకి వచ్చే వారం పోతున్నాం.

---

పాలకొండనీడ | కడప | 13వ తారీఖు, రాత్రి 8:20

నకలు వచ్చింది. దస్తావేజు గారూ, పేర్లు తీసేసి మూడో పేజీలో ఒక పేరా ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"...సదరు ఇంటిని మీరు స్వాధీనం చేసుకుని, నన్ను నా జీవితాంతం వరకు తిండి, బట్ట, వైద్యం మొదలగునవి లోటు లేకుండా చూసుకొనవలయునన్న షరతుపై..."

---

దస్తావేజు | కర్నూలు | 13వ తారీఖు, రాత్రి 8:27

ఉంది! అదేనమ్మా ఆ లైను. రాసిన మనిషెవరో గానీ చేతికి మొక్కాలి. ఈ నకలు జాగ్రత్తగా పెట్టండి. ఆమె ఎప్పుడు కావాలనుకున్నా 23వ సెక్షను కింద పోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లకు 15100 చేసినా సలహా ఇస్తారు.

---

సీమసింగం | ప్రొద్దుటూరు | 13వ తారీఖు, రాత్రి 8:35

ఇంకేం, కొడుకుకు చూపించండక్కా ఆ కాగితం. వణికిపోతాడు.

---

పాలకొండనీడ | కడప | 13వ తారీఖు, రాత్రి 9:10

అవ్వకు చదివి వినిపించా. రెండోసారి చదవమంది. "తిండి, బట్ట, వైద్యం" అన్నచోట తలాడించింది. చూపిద్దామా వానికి అని అడిగితే, ఇప్పుడొద్దు, నీ బీరువాలో పెట్టుకో అంది. డబ్బులైతే వద్దన్నారు గానీ కాగితం పెట్టుకోవచ్చు కదా సార్?

పొయ్యి సంగతి చెప్పలేదు. కొడుకు స్టవ్‌కు ఒప్పుకోలేదు గానీ, కోడలు పొద్దున షాపుకు పోతూ అటక మీద నుంచి పాత దోసె పెనం దించి షెడ్డు ముందర పెట్టి పోయిందంట, ఏమీ మాట్లాడకుండా. ఆరేడేళ్ల తుప్పు. అవ్వ ఇటుకపొడి, చింతపండు పెట్టి పొద్దుట్నుంచి తోముతోంది. మూడు రాళ్లు నేను తెచ్చిచ్చా. కట్టెలు పిన్నమ్మ ఇస్తానంది.

పెనం ఇంకా కాలలేదు. ఉల్లిగడ్డ సగం కోసి నూనెలో ముంచి రుద్దమని నాకు పని చెప్పింది. పోతున్నా.